ముప్పై రెండు అంగుళాల చేయి

శనివారం సాయంత్రానికి నోవోట్నీల ఇంట్లో రెండు పళ్లేల కొలాచె తీపి బన్నులు ఖాళీ అయ్యాయి గానీ, టీవీలో వెస్ పేరు మాత్రం వినపడలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ మొదలై మూడు రోజులైంది. జట్లన్నీ కలిసి రెండు వందల మందికి పైగా కుర్రాళ్లను ఎంచుకున్నాయి. ఇప్పుడు నడుస్తున్నది ఏడో రౌండ్, అదే ఆఖరిది. వెస్ తండ్రి లూమిర్ గురువారం వేసుకున్న చర్చి చొక్కా ఇంకా మార్చలేదు. తన ఇంటిపేరును డ్రాఫ్ట్ వేదిక మీద ఎవరో చదువుతుంటే వినాలని ఆయన కోరిక. ఆయన ఆడిన రోజుల్లో మోకాలు పోయి అది తీరలేదు.

వెస్ చేసిన నేరం ఒక్కటే, చేతులు పొట్టి. కాలేజీలో మూడేళ్లు లైనుకి ఎడమ చివర నిలబడి, బంతి విసిరేవాడి వీపు కాశాడు. ఆ మూడేళ్లలో అతణ్ణి దాటుకుని పోయి విసిరేవాణ్ణి పడగొట్టినవాళ్లు ఇద్దరంటే ఇద్దరే. అయినా ఫిబ్రవరిలో, డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లని కొలిచి చూసే ఇండియానాపొలిస్‌లో ఒకాయన అతణ్ణి నిక్కరు మీద నిలబెట్టి, సంతలో దూడని చూసినట్టు చూసి, భుజం నుంచి వేలికొస దాకా టేపు పట్టి, ముప్పై రెండని అందరికీ వినపడేలా అరిచాడు. దాంతో మూడేళ్ల ఆటా నీళ్లపాలైంది. చివర నిలబడేవాడికి ముప్పై నాలుగుండాలట! ఎవడు పెట్టిన లెక్కో ఎవరికీ తెలియదు గానీ అందరూ వల్లిస్తారు.

"పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. నీకొక్కటీ రాలేదేరా?" అన్నాడు లూమిర్ తమ్ముడు ఎర్విన్. "కొలిచేటప్పుడు భుజం కాస్త జార్చాల్సింది."

"రెండంగుళాలు జార్చాలంటే భుజం ఊడబెరుక్కోవాలి బాబాయ్."

అంతలో ఫోన్ మోగింది. లూమిర్ టీవీ గొంతు నొక్కేశాడు. అందరూ వినాలని వెస్ ఫోన్‌ని బల్ల మీద పెట్టాడు. మాట్లాడుతున్నది ఒక జట్టుకి లైన్ కోచ్, డట్టన్ అనే పెద్దమనిషి.

"అబ్బాయ్, ఇంకో ముగ్గురయ్యాక మా వంతు. నీ పేరు చదివిద్దామనుకుంటున్నాం. చివర కాదు, లైను లోపల గార్డ్‌గా ఆడుదువుగాని. అక్కడ చేతులు పొట్టైనా ఫరవాలేదు."

"నేను ఎడమ చివర ఆడతాను సార్."

"ఆ చేతుల్తోనా? కాలేజీలో చెల్లింది. ఇక్కడ నిన్ను నమిలేస్తారు."

"పోనీ, మొదటి వారం నిలబెట్టి చూడండి."

"చూడం. తొందరగా తేల్చు."

వెస్‌కి ఒళ్లు మండింది. ఇప్పుడు వాళ్లు ఎంచుకుంటే నాలుగేళ్లు వాళ్లు చెప్పిన చోటే. ఎవరూ ఎంచుకోకపోతే, డ్రాఫ్ట్ ముగిసిన మరుక్షణం తనకి నచ్చిన జట్టుని తనే ఎంచుకోవచ్చు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. లూమిర్‌కి ఏం కావాలో కూడా తెలుసు.

"అయితే నన్ను తీసుకోకండి సార్."

"ఏంటీ?"

"నా పేరు చదవొద్దు. చదివారో, రోజూ పొద్దున్నే మీ గది ముందు నిలబడి ఎడమ చివర ఇమ్మని అడుగుతాను. చివరికి మీకే విసుగొస్తుంది."

"నీ పొగరే నిన్ను ముంచుతుంది," అని డట్టన్ ఫోన్ పెట్టేశాడు.

"నోటి దాకా వచ్చిన కూడు నేలపాలు చేశావు కదరా!" అని ఎర్విన్ తల పట్టుకున్నాడు.

ముగ్గురి పేర్లయ్యాయి. నాలుగో వంతు డట్టన్ జట్టుది. ఆ పేరూ ఇంకెవరిదో.

"ముప్పై ఏళ్లు ఆగాన్రా, ఆ ఒక్క ముక్క కోసం," అన్నాడు లూమిర్.

"తెలుసు నాన్నా," అన్నాడు వెస్. తండ్రి మనసు విరిచానని అతనికి తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

డ్రాఫ్ట్ ముగిసింది. ఫోన్ మళ్లీ మోగడం మొదలుపెట్టింది. మొదటి జట్టు గార్డ్ అంది. రెండోదీ గార్డే అంది. మూడోసారి ఒక జట్టుకి ఆటగాళ్లని వెతికిపెట్టే స్కౌట్, బర్నెటా క్విల్ అని చెప్పుకున్నావిడ, దాపరికం లేకుండా మాట్లాడింది.

"మేం నీకు నచ్చకపోవచ్చు బాబూ. మా ఎడమ చివరికి గురువారమే కోర్డెల్ గెయిన్స్‌ని తీసుకున్నాం. మొదటి రౌండ్‌లో. వాడి వెనకాల, వాడు ఆడలేని రోజున దిగేవాళ్ల రెండో వరుసలో ఒక చోటుంది. ఎడమ చివరే."

"వాడి చేతులెంత మేడమ్?"

"ముప్పై ఐదున్నర."

ఎర్విన్ ఆగలేకపోయాడు. "ఒరేయ్, తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు, నిజమే. తలదన్నేవాణ్ణి వెతుక్కుని మరీ పోతావా? ముప్పై రెండు జట్లున్నాయి!"

"నువ్వూరుకో ఎర్విన్," అన్నాడు లూమిర్. "వాడడిగిన చోటు ఇస్తామన్నది ఈవిడొక్కతే."

వెస్ ఫోన్ మీదకి వంగాడు.

"వస్తున్నాను మేడమ్. ఆ గెయిన్స్‌కి ఒక్క మాట చెప్పండి. నేను వాడి వెనక నిలబడ్డానికి రావడం లేదు."