షిరే పడిపోయిన నాటి కాఫీ

షిరేకి వెళ్ళమని నా కొడుకు గిదేకి చెప్పింది నేనే.

ప్రభుత్వ సైన్యం వాణ్ణి బలవంతంగా పట్టుకుపోయిన ఏడాదికి, ఒక్క పూట సెలవు మీద ఇంటికొచ్చాడు. రోడ్డు మీద లారీలకు కాపలా వెళ్తావా, షిరే శిబిరంలో ఉంటావా అని అడిగారట.

"షిరేకే పో నాయనా. అక్కడ ట్యాంకులున్నాయి, వేలమంది ఉన్నారు. మీ మీదకొచ్చే ధైర్యం ఎవరికుంది?" అన్నాను.

మాలో కాఫీ మూడుసార్లు పోస్తాం. మూడోది దీవెన, అది తాగకుండా ఎవరూ లేవరు. వాడు రెండోది తాగుతుండగానే వీధిలో లారీ హారన్ మోగింది. లేచి పరుగెత్తాడు.

పక్కింటి జాఫు కూతురు అల్గనేష్ అప్పటికే నాలుగేళ్ళుగా తిరుగుబాటుదార్లతో కొండల్లో ఉంది. పిల్లలిద్దరూ చెరో వైపు తుపాకీ పట్టారు. మేమిద్దరం మాత్రం రోజూ ఒకే కూజాలో కాఫీ కాచుకునేవాళ్ళం.

"నీ పిల్ల నా వాణ్ణి కాల్చిందో, నీకిక కాఫీ పొయ్యను."

"నీ వాడికి గురి ఎక్కడిదక్కా? చిన్నప్పుడు కోడిని కొట్టబోయి మా కిటికీ పగలగొట్టాడు."

ఆ ఫిబ్రవరిలో ఒక ఉదయం గింజలు వేయిస్తుంటే, జాఫు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చింది. మంచి కబురు వింటే మా ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కేక పెడతారు. ఒక ఇంట్లో మొదలైతే వీధంతా అందుకుంటుంది.

"ఏమైందే?"

"పన్ను నొప్పక్కా."

"నిన్న బార్లీ గింజలు పటపటా నమిలావు. ఏ పన్నే?"

అది నా పక్కన కూలబడింది. దుప్పటి కప్పుకుని తిరుగుబాటుదార్ల రేడియో విన్నదట. "షిరే పడిపోయిందక్కా. మొత్తం శిబిరమే పోయింది."

దాని గొంతు ఇంకా అదురుతోంది. కేకని నా కోసం మింగేసింది. పెనం మీద గింజలు మాడిపోయాయి.

రెండు వారాలు తిరక్కుండానే మా మెకెలెలో ఉన్న సైన్యం కాగితాలు తగలబెట్టి, లారీలెక్కి దక్షిణానికి వెళ్ళిపోయింది. ఇక్కడ యుద్ధమే జరగలేదు. ఎక్కడో షిరే పోయిందని, ఇంత పట్నాన్ని వదిలేసి పోయారు. వీధి వీధంతా కేకలు. జాఫు తలుపు గొళ్ళెం పెట్టి వచ్చి నా దగ్గర కూర్చుంది.

"వెళ్ళు, నువ్వూ కేకెయ్యి."

"గొంతు బాగాలేదక్కా."

"పన్నన్నావుగా?"

"అది కిందికి దిగింది."

ఉపవాసాల నెలలో షిరేలో పట్టుబడ్డ సైనికులను తిరుగుబాటుదార్లు నడిపించుకొచ్చి ఊరి బయట మైదానంలో కూర్చోబెట్టారు. ఇక ఇళ్ళకు పొమ్మన్నారు. ఆడవాళ్ళం నీళ్ళు, వేయించిన బార్లీ పట్టుకెళ్ళాం. ముఖాలు చూసే ధైర్యం లేక నేను పాదాలు చూస్తూ నడిచాను. గిదే ఎడమకాలి చిటికెనవేలు వంకర.

జాఫే ముందు చూసింది. "అక్కా, ఆ గడ్డం వెనక ఉన్నది ఎవరో చూడు!"

వాడే. నా గొంతులోకి కేక తన్నుకొచ్చింది. అప్పుడే నా పక్కన జాఫు ఒక యోధురాలి చెయ్యి పట్టుకుని అడుగుతోంది, "అల్గనేష్ అని, ముందు పళ్ళ మధ్య సందుంటుంది, చూశావా తల్లీ?"

"నాది ఆ దళం కాదమ్మా," అని ఆ పిల్ల తల వంచుకుంది. చనిపోయినవాళ్ళ పేర్లు యుద్ధం ముగిసేదాకా చెప్పకూడదని వాళ్ళ నియమం. అది మా అందరికీ తెలుసు. నా కేకని నేనూ మింగేశాను. చప్పుడు చెయ్యకుండా కొడుకుని పట్టుకున్నాను.

మరో రెండేళ్ళకు తిరుగుబాటుదార్లు రాజధాని చేరారు. యుద్ధం అయిపోయింది. ఆ దారి షిరే దగ్గరే తెరుచుకుందని ఇప్పటికీ అంటారు. తర్వాత కొన్నాళ్ళకు జాఫు అల్గనేష్ దళం నుంచి వచ్చిన ఒక కాగితం తెచ్చింది. దానికి చదువు రాదు. గిదే పాత బడి పుస్తకాలు ముందేసుకుని నేను ఎప్పుడో అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ రోజు ఎందుకు నేర్చుకున్నానా అనిపించింది.

"ఎక్కడ?" అంది జాఫు.

"షిరే."

"ఎప్పుడు?"

తేదీ చదివాను. రేడియో విన్న రోజుకు ముందు రోజది.

పొయ్యి మీద కూజా పొంగి, పొంగి, నిప్పు ఆరిపోయింది. చివరికి జాఫు, "గిదేని పిలువక్కా. కాఫీ పెట్టు," అంది.

వాడు వచ్చి తలెత్తకుండా కూర్చున్నాడు. నువ్వు ఏ గుట్ట మీద ఉన్నావురా, ఎవరి వైపు కాల్చావురా అని అది అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. రెండుసార్లు పోశాను. మూడోది జాఫు తనే పోసి వాడి చేతికిచ్చింది. ఒలికిపోకుండా కప్పు కింద తన అరచెయ్యి పెట్టింది.

"మెల్లగా తాగు నాయనా," అంది. "హారనేం మోగదులే."