ఒకే బిల్డింగ్‌కి రెండు కార్లు

ఉజ్వల చికాగోలో ఎమ్మెస్ చదువుతోంది. ఏ ఇంటివాళ్లు ఆఫీసుకి వెళ్లిరావడానికి గాలిలోకి ఎంత కార్బన్ వదులుతున్నారో, ఎందుకు వదులుతున్నారో తేల్చడం ఆమె థీసిస్. 2011 ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం ఆ థీసిస్ సర్వే కోసమే నగరం శివార్లలోని అరోరాలో కేశవరావు ఇంటికి బయల్దేరింది. రైలు దిగి, ఫుట్‌పాత్ లేని రోడ్డు పక్కన గడ్డిలో నలభై నిమిషాలు నడిచింది.

"నడిచొచ్చావా?" అన్నాడు కేశవరావు, ఏదో రోగం సంగతి అడిగినట్టు. "కాల్ చేస్తే పికప్ చేసుకునేవాణ్ణిగా."

ఇంట్లో ముగ్గురు మనుషులు. గరాజ్‌లో మూడు కార్లు, బయట ఒక వ్యాన్.

"గెస్ట్స్ వస్తే ఉండాలిగా" అంది ఆయన భార్య కృష్ణకుమారి. గెస్టులు వచ్చి రెండేళ్లయిందని కూడా ఆవిడే చెప్పింది.

భార్యాభర్తలిద్దరూ ముప్పై మైళ్ల దూరంలో, షామ్‌బర్గ్‌లో ఒకే బిల్డింగ్‌లో పనిచేస్తారు. ఒకే టైముకి వెళ్తారు, ఒకే టైముకి వస్తారు. ఎవరి కారు వాళ్లదే.

"కలిసి వెళ్లొచ్చు కదా అంకుల్?"

"ఆవిడ ఏసీ వేయనివ్వదు."

"ఈయన దారి పొడుగునా కాన్ఫరెన్స్ కాల్‌లో అరుస్తుంటారు" అంది ఆవిడ.

కొడుకు నిశాంత్ చదివే హైస్కూలు వాళ్ల కిటికీలోంచే కనిపిస్తోంది. వాడూ కార్‌లోనే వెళ్తాడు. "బ్యాగ్ హెవీ, అక్కా" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఉజ్వల మొహంలో ఏమీ కనబడనివ్వకుండా రాసుకుంది. తన అపార్ట్‌మెంట్‌లో నలుగురమ్మాయిలకి కలిపి ఒక పాత కారు. తమది త్యాగమేమీ కాదు, గతిలేక. అయినా వీళ్లని చూస్తుంటే ఆమెకి ఒళ్లు మండింది.

కేశవరావు గొంతు తగ్గించాడు. "కార్‌పూల్ అని టిక్ పెట్టేయమ్మా. ఆఫీసులో గ్రీన్ కమిటీకి నేనే చైర్‌ని. ఎర్త్ డే ప్రెజెంటేషన్ కూడా నాదే."

"కార్‌పూల్ అంటే ఒక కార్‌లో ఇద్దరు వెళ్లాలి అంకుల్."

"వెళ్లేది ఒకే చోటికేగా." ఆ మాట అనడానికి ఆయనకి ఏ మాత్రం సిగ్గు వేయలేదు. ఉజ్వల పెన్ను కదపకపోయేసరికి అడిగాడు. "రిపోర్ట్‌లో పేర్లు వస్తాయా?"

"రావు."

"అయితే నిజమే రాసుకో."

స్టేషన్‌లో దింపుతానని ఆయన తాళాలు తీశాడు. స్టేషన్ పక్క కొట్టులో కూరగాయలు కొనాలంటూ కృష్ణకుమారి తన తాళాలు తీసింది. కాళ్లు పీకుతున్నాయి కాబట్టి ఉజ్వల ఎక్కి కూర్చుంది. ధ్రువాల దగ్గర మంచు ఎలా కరిగిపోతోందో కేశవరావు దారంతా వివరించాడు. వెనకే వస్తున్న కృష్ణకుమారి కారుని అద్దంలో చూస్తూ ఉజ్వల ఊకొట్టింది.