తెల్లవారుజాము నంబరు

మొదలుపెట్టిన రోజు నా చేతిలో ఉన్నది అయిదో మీట అరిగిపోయిన ఒక పాత సెల్లు. దానికి తోడు గూడూరు నా పుట్టినూరు కావడం, ఇంట్లో వాళ్ళు నిద్ర లేవకముందు నాకంటూ మిగిలే కాసేపు. అంతే పెట్టుబడి.

సెల్లు మా ఆయన భానుచందర్ వదిలేసింది. బస్టాండు దగ్గర లాడ్జిలో మేనేజరు కాబట్టి ఆయన కొత్తది కొనుక్కున్నాడు. సిమ్ము మాత్రం నేనే కొన్నాను. నా ఫోటో, నా ఓటరు కార్డు ఇచ్చి, పంకజాక్షి అని నా సంతకంతో. పెళ్ళయ్యాక నా పేరు మీద తీసుకున్న మొదటి వస్తువు అదే. మా వీధి చివర రీచార్జి కొట్టు పెట్టుకున్న జయరావు ఫారం నింపుతూ సార్ పేరు మీద తీసుకుంటే సరిపోయేది కదా అక్కా అన్నాడు. నా పేరే రాయమన్నాను. అది 2005.

గూడూరు మండీలో మా నాయన స్నేహితుడు పరంధామయ్య నిమ్మకాయల వ్యాపారి. తెల్లవారి ఐదున్నరకు ఫోన్ చేస్తే ఆ రోజు కాయ ఎట్లా ఉందో, ఏ ధరకు కదులుతుందో చెప్పేవాడు. ఇటుపక్క కొనేవాళ్ళను నేను ఒక్కొక్కరినే వెతుక్కున్నాను. అలిపిరి దగ్గర జ్యూసు బండ్లు, తిరుమలలో హోటళ్ళు, చిత్తూరులో ఊరగాయలు పెట్టి అమ్మే ఒకావిడ, కొత్త బండ్ల చక్రాల కింద పెట్టే చిన్నకాయ అమ్మేవాళ్ళు, చివరికి పలమనేరులో బెంగుళూరు రోడ్డు మీది సోడా కొట్టు. బస్తాలు గూడూరు నుంచి బస్సెక్కి వస్తే ఆటో మనిషి దించుకుని నేను చెప్పిన చోట వేసేవాడు. నాకు గోడౌను లేదు, తక్కెడ లేదు, బోర్డు లేదు. గూడూరు వాళ్ళకు నా దగ్గర కొనేవాళ్ళెవరో తెలియదు. కొనేవాళ్ళకు గూడూరులో ఎవరో తెలియదు. ఆ తెలియకపోవడమే నా దుకాణం.

ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టి, భుజానికీ చెవికీ మధ్య సెల్లు నొక్కిపెట్టుకుని గుసగుసగా బేరం చేసేదాన్ని. ఎదుటివాళ్ళు ధర ఒప్పుకున్నప్పుడు నా ఒళ్ళంతా జివ్వుమనేది. పాలు పొంగిపోతున్నా కాసేపు అట్లాగే నిలబడేదాన్ని. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకునేది కాదు. మా అత్త శకుంతలమ్మకు తెలిసిందల్లా నేను పుట్టింటి నుంచి నాలుగు కాయలు తెప్పించి ఒకటి రెండు కొట్లకు ఇస్తానని. పనీపాటా లేక నిమ్మకాయల పిచ్చి పట్టుకుందని పక్కింటి వాళ్ళతో అనేది. అంట్లు, బట్టలు, మా ఆయన క్యారియరు, ఆమె కాళ్ళకు నూనె, ఇవన్నీ అయ్యాక కూడా నేను పనీపాటా లేని మనిషినే. మా ఆయన స్నేహితుల ముందు ‘మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది’ అనేవాడు, అదేదో ఆయన నాకు ఇచ్చిన వరం అన్నట్టు.

వ్యాపారం ఎంతదో నేను చెప్పకపోవడానికి కారణం ఉంది. అంతకుముందు నేను కంతుల మీద చీరలు అమ్మేదాన్ని. నాలుగు వీధుల్లో నాకు పేరొచ్చాక, మా ఆయన అన్న, నాకు బావ, చక్రధర్ తన కూరగాయల మండీకి అవసరమని ఆ పెట్టుబడి అంతా తీసుకున్నాడు. ఇంట్లో డబ్బే కదా అన్నాడు మా ఆయన. ఎవరి ఇల్లు అని నేను అడగలేదు కానీ, ఈసారి మాత్రం నోరు మూసుకుని వ్యాపారం చేద్దామనుకున్నాను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం చింతపండులో గింజలు తీస్తుంటే మా ఆయన హాల్లోకి రమ్మన్నాడు. అత్త కుర్చీలో కూర్చుని ఉంది. బావ ఎప్పుడొచ్చాడో ఆమె పక్కనే ఉన్నాడు. టీపాయ్ మీద కాగితాలు. వాటి నిండా నంబర్లు. కొన్నింటి కింద ఎర్ర గీతలు.

“తెల్లారి ఐదున్నరకు దినామూ ఎవురితో మాట్లాడతా ఉండావు?” అన్నాడు మా ఆయన.

కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఏ నంబరుకు, ఏ తేదీన, ఎంతసేపు, అంతా నా సెల్లు నుంచి పోయిన ఫోన్లే. నిజం చెప్పాలంటే మొదట నాకు భయం వేయలేదు. పేజీ తర్వాత పేజీ తిప్పుతుంటే గుండె ఎగిరెగిరి పడింది. నేను ఇంత చేశానా? ఈ ఇంట్లో నా పనిని ఒక్కరు కూడా ఎక్కడా రాసిపెట్టలేదు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు మొత్తం వరసగా అచ్చు వేసి పంపాడు. ఖాళీగా ఉండే మనిషి కాగితాలు ఇంత లావుగా ఉంటాయా అని మా ఆయన్ని అడగాలనిపించింది.

ఆయన మాత్రం వేరే ధోరణిలో ఉన్నాడు. ముందే ఆ నంబరుకు ఫోన్ చేసి చూశాడట. మగ గొంతట. చుట్టూ అరుపులట. ఎవరబ్బా, పొద్దున మాట్లాడు అని పెట్టేశాడట. గూడూరు నంబరు, మీ ఊరి మనిషి, ఎప్పటి నుంచి అని అడిగాడు. అత్త కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని తమ వంశంలో ఇట్లాంటిది వినలేదని మొదలుపెట్టింది.

అప్పుడు బావ చాలా మెత్తగా మాట్లాడాడు.

“అరవద్దురా భానూ. ఆడమనిషి, భయపడతాది. సూడమ్మా పంకజా, ఈడ ఉండే నంబర్లు ఒక్కొక్కటీ ఎవురిదో చెప్పు. నేను పక్కన రాసుకుంటా. మనలో మనకు తేలిపోతాది.”

రాసుకుంటా అన్న మాట దగ్గర నేను తలెత్తాను. ఆయన చేతిలో పెన్ను ఉంది. మూత అప్పటికే తీసి ఉంది. మా ఆయన నా మొహం చూస్తున్నాడు, అబద్ధం ఎక్కడ కనబడుతుందా అని. అత్త వీధి తలుపు చూస్తోంది, ఎవరైనా వింటున్నారా అని. బావ మాత్రం నా మొహం వైపు చూడటం లేదు. ఆయన చూపంతా నంబర్ల పక్కన ఖాళీగా ఉన్న జాగా మీద ఉంది. మండీ మనిషి ఆ చూపు ఎప్పుడు చూస్తాడో నాకు తెలుసు. సరుకు కళ్ళబడినప్పుడు చూస్తాడు.

ఒక్క క్షణంలో లెక్క మొత్తం నా ముందు నిలబడింది. ఇది పరంధామయ్య, ఇది అలిపిరి బండి, ఇది తిరుమల హోటలు అని చెప్పుకుంటూ పోతే నా పేరు కడిగిన గిన్నెలా అవుతుంది. సాయంత్రానికి నా వ్యాపారం బావ మండీలో ఉంటుంది. చెప్పకపోతే వ్యాపారం నాకు ఉంటుంది, పేరు పోతుంది. ఒక చేతిలో పతివ్రత, ఇంకో చేతిలో నిమ్మకాయలు. ఇంత పెద్ద బేరం నా ముందుకు ఎప్పుడూ రాలేదు. చెమటలు పట్టాయి, నిజమే. కానీ తెల్లవారుజామున ధర కుదిరేటప్పుడు ఒళ్ళు జివ్వుమంటుందే, అచ్చం అట్లాగే ఉంది. పేరు అనేది వీళ్ళు ఇచ్చింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వీళ్ళే వెనక్కి తీసుకుంటారు. నంబర్లు నేను సంపాదించినవి.

“చెప్పను బావా. ఒక్కటి కూడా చెప్పను. ఎవురనుకుంటే వాళ్ళే అనుకోండి.”

అత్త ఏడుపు ఆపేసింది. మా ఆయన లేచి నిలబడ్డాడు, ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఇంట్లో నుంచి పొమ్మంటానన్నాడు. పొమ్మంటే గూడూరు బస్సుకు చార్జీ నా దగ్గరే ఉందన్నాను. బావ పెన్నుకు మూత పెట్టుకున్నాడు. మొగుడికంటే ఆయన మొహమే ఎక్కువ వాడిపోయింది.

కొంగున అంటిన చింతపండు పొట్టు దులుపుకుని నేరుగా జయరావు కొట్టుకు పోయాను. లిస్టు ఎట్లా బయటికి వచ్చిందని అడిగితే అతను దాచలేదు కూడా. కంపెనీలో తెలిసిన పిల్లవాడు ఒకడు తీసిస్తాడట. నంబరు చెప్తే చాలట. అడిగేది ఎక్కువగా మొగుళ్ళేనట, తర్వాత అన్నదమ్ములట. ధర చెప్పాడు. ఒక బస్తా మీద నాకు మిగిలేదానికంటే తక్కువ.

“నా పేరు మీద ఉండే నంబరు కదయ్యా, నన్ను అడగకుండా ఎట్లా అమ్మినావు?”

“ఎవురికిబడితే వాళ్ళకు ఇస్తామా అక్కా? మాకూ ఒక పద్ధతి ఉండాది,” అన్నాడు, నొచ్చుకున్నట్టు. “ముందు మీ బావ వచ్చి అడిగినాడు. ఇయ్యలే. తమ్ముడి పెండ్లాం లిస్టు నీకెందుకన్నా, కావాలంటే మొగుణ్ణి రమ్మను అని పంపిచ్చేసినా. సార్ వచ్చినాకే ఇచ్చినా.”

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. నా మానానికి జయరావు కాపలా కాశాడు, తాళంచెవి మొగుడి దగ్గర ఉంటుందన్న నమ్మకంతో. నా కాయ ఎంత కదులుతుందో మండీలో ఎక్కడో బావ చెవిన పడి ఉంటుంది. ఆయనకు కావలసింది కాగితం. కాగితం కావాలంటే మొగుడు రావాలి. మొగుడు రావాలంటే ఒక అనుమానం కావాలి. అందుకని తమ్ముడి చెవిలో ఒక మాట వేశాడు, పొద్దున్నే మీ ఆవిడ ఎవరితోనో గుసగుసలాడుతుందంట కదా అని. నా శీలం మీద పడిన మచ్చ ఎవరికో కోపమొచ్చి వేసింది కాదు, సరుకు కోసం వేసింది. నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే జయరావు భయపడి నాకు సోడా తెప్పించాడు.

మర్నాడు కంపెనీ ఆఫీసుకూ పోయాను. కౌంటరులో అమ్మాయి రాసివ్వండి మేడం, పైకి పంపిస్తామంది. రాసిచ్చాను. ఈనాటికీ పైనుంచి ఏమీ దిగి రాలేదు. పోలీస్ స్టేషనులో రైటరు నా మాటంతా విని, చూసింది మొగుడే కదమ్మా, దొంగ కాదు కదా అన్నాడు. ఆ దారిలో దొరికేది ఏమీ లేదని తేలాక నా దారి నేను చూసుకున్నాను.

ఆ మర్నాడు ఇంట్లో వంట చేయలేదు. తొలి బస్సుకు తిరుమల ఎక్కాను. ఘాటు మలుపుల్లో బస్సు ఊగుతుంటే కిటికీ ఊచ పట్టుకుని, చిన్నప్పుడు తిరునాళ్ళకు పోతున్నట్టు కూర్చున్నాను. ఇన్నాళ్ళూ గొంతు తప్ప మనిషి తెలియని హోటళ్ళ వాళ్ళ ముందు నిలబడి, గూడూరు కాయ పంకజాక్షిని నేనే అన్నాను. ఒకాయన లేచి కుర్చీ వేశాడు. కొండ దిగి అలిపిరి, అక్కడి నుంచి చిత్తూరు, మరుసటి రోజు పలమనేరు. అందరికీ ఒకటే మాట: ఇంకెవరైనా ఫోన్ చేసి నా పేరు చెబితే బేరం చేయండి, తప్పులేదు, కాయ చూసి తీసుకోండి. పరంధామయ్యకు కూడా అదే చెప్పాను. ఆయన నవ్వి, ‘నీ ధర నీకే పంకజమ్మా, వేరేవాళ్ళ ధర వేరేవాళ్ళకు’ అన్నాడు.

బావ ఊరుకోలేదు. ఆ కాగితాలు పట్టుకుని నంబర్లన్నింటికీ ఫోన్లు చేశాడు, ధర తగ్గించి ఇస్తానన్నాడు. గూడూరు నుంచి లోడు తెప్పించాడు. లిస్టులో ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఉంది. ఏం మాట్లాడానో లేదు. జ్యూసు బండికి పండి తోలు పలచబడిన కాయ కావాలి, ఆయన పచ్చికాయ పంపించాడు. పిండితే చెయ్యి నొప్పి తప్ప రసం లేదు. చక్రాల కింద పెట్టేవాళ్ళకు పెద్దకాయ వేశాడు. ఊరగాయల ఆవిడ మచ్చకాయను సగం ధరకు తీసుకుంటుందని ఆయనకు ఎవరు చెబుతారు? మిగిలిన కాయ మండీ వెనక కుళ్ళింది. వీధిలో ఆ వాసన వచ్చినప్పుడల్లా నేను ఊపిరి లోతుగా పీల్చుకునేదాన్ని.

ఈలోపు నా కథ వీధంతా తిరిగింది. మూడిళ్ళ అవతల జాకెట్లు కుట్టే మునిరత్నమ్మ ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఓదార్చడానికేమో అనుకున్నాను.

“అక్కా, మా సెల్లెలికి నేను ఫోన్ చేసినట్టు ఆయనకు ఎట్లా తెలిసిందో ఇన్నాళ్ళూ అర్థం కాలే,” అంది. జాకెట్టు చెయ్యి పైకి జరిపి చూపించింది. నల్లగా కమిలి ఉంది. “అది కూడా ఆ కొట్లోనేనా?”

ఆ రోజు నుంచి మా వీధి ఆడవాళ్ళు ఒక్కరూ జయరావు కొట్లో రీచార్జి చేయించుకోలేదు. నేను ఇంటింటికీ పోయి చెప్పాను, నిమ్మకాయలు అమ్మినంత హుషారుగా. నంబర్లు మార్చుకున్నాం. కొత్తవి రేణిగుంటలో తీసుకున్నాం, మా మొగుళ్ళెవరో తెలియని కొట్లో. అక్కడా అమ్మరని నమ్మకమేమీ లేదు. కానీ ఎవడైనా అడగాలంటే ముందు మా కొత్త నంబరు తెలియాలి. అది మేం ఎవరికి చెప్పాలనుకుంటే వాళ్ళకే చెప్పాం.

మా ఆయనకు జయరావు మాట చెప్పింది ఆ తర్వాతే. అన్నం తింటూ ఉన్నాడు.

“నువ్వు పడిన అనుమానం నీది కూడా కాదయ్యా. మీ అన్న ఇస్తే తెచ్చుకున్నావు. ఆయన పని కాలేదు. నీకు మాత్రం ఆ అనుమానం మిగిలిపోయింది.”

ముద్ద కంచంలో పెట్టేశాడు. మరి ఆ ఐదున్నర మనిషి ఎవరో ఇప్పుడైనా చెప్పొచ్చు కదా అన్నాడు, గొంతులో మునుపటి గద్దింపు లేకుండా. చారు పోసి, నువ్వు అడిగినందుకు చెప్పేది కాదన్నాను.

ఇప్పుడు లెక్క తీస్తే, పోయినవి ఉన్నాయి. అత్త నా చేతి కాఫీ తాగదు. బావ గుమ్మం తొక్కడు. మంచి ఇల్లాలు అని ఎవరైనా అంటే అది నన్ను కాదు. వచ్చినవి చూస్తే, కొనేవాళ్ళు ఒక్కరూ జారిపోలేదు, నెల్లూరు వైపు ఇంకొందరు కలిశారు. కాయ ఏరడానికి మునిరత్నమ్మ చేరింది, బస్టాండు వెనక చిన్న షెడ్డులో. షెడ్డు బోర్డు మీద ఉన్నది నా పేరే. గుసగుసలు మానేశాను. తెల్లవారి ఐదున్నరకు ముందు గదిలో లైటు వేసుకుని, కాళ్ళు చాపుకుని, బిగ్గరగా బేరం చేస్తాను.

ఆ వెలుతురుకు మా ఆయన కళ్ళు తెరుస్తాడు. కాసేపు చూస్తాడు. ఎవరని అడగకుండా అటు తిరిగి పడుకుంటాడు.