చెవిలో మాట

ఆకుల్లో ఉడికించిన మొక్కజొన్నపిండి తమాలెల బండి ముందు నిలబడి ఏం తిందామా అని లియాంద్రో బ్యూన్‌రోస్ట్రో తేల్చుకోలేకుండా ఉన్నాడు. అంతలో వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"రెండు పచ్చిమిరపకాయవి, ఒకటి తీపిది. తీపిదాంట్లో ఎండుద్రాక్ష వద్దు."

"రెండు పచ్చిమిరపకాయవి, ఒకటి తీపిది. తీపిదాంట్లో ఎండుద్రాక్ష వద్దు," అన్నాడు లియాంద్రో.

బండివాడు మూడూ పొట్లం కట్టి అతని చేతిలో పెట్టాడు. లియాంద్రోకి తీపి పడదు. పొట్లం చేతిలోకి వచ్చాకగాని తానేం చేశాడో అతనికి తెలిసిరాలేదు. వెనక్కి తిరగాలంటే భయం వేసింది. ఆ గొంతు విని ఇరవై ఏళ్ళు దాటింది.

"ఇంకా మానలేదన్నమాట," అంది కూకా. "నా పొట్లం నాకిచ్చెయ్, మంచిమొహం."

అతని ఇంటిపేరుకి అర్థం అదే. మెక్సికో నగరం మొత్తం మీద ఆ పేరుతో అతన్ని ఏడిపించే హక్కు ఆమె ఒక్కదానికే ఉండేది. జుట్టు నెరిసింది, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది, గొంతు మాత్రం ఎక్కడా అరగలేదు.

"ఎప్పుడొచ్చావు?"

"మొన్న. మా చెల్లెలి కూతురి పెళ్ళికి. శనివారం మళ్ళీ మెరిదా వెళ్ళిపోతా."

"ఎలా ఉంది అక్కడ?"

"ఉక్క. మా ఆయన పోయాక ఇంకా ఉక్క. ఊయల్లో పడుకుని నీ పాత సీరియళ్ళు చూస్తుంటా. నీకంటే ముందు నేనే అనేస్తుంటా నీ డైలాగులు."

"శుక్రవారం నా నాటకం ఉంది. రా."

"నాటకమా!" కూకా కళ్ళు పెద్దవయ్యాయి. "చెవిలో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు."

"అయితే చచ్చావు పో."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. వెళ్ళకు అని అందామనుకున్నాడు. ఉన్నది ఒక్క మాట. నోరు తెరిచాడు. చెవిలో ఏమీ పడలేదు. నోరు మూసుకున్నాడు. ఆమె పొట్లం పట్టుకుని సందు మలుపు తిరిగిపోయింది.

అతను పుట్టుకతో ఇలాంటివాడు కాడు. వయసులో ఉన్నప్పుడు స్టేజీ మీద రాజు వేషం కట్టి, ఆట మొదలు ఆఖరుదాకా ఒక్క మాట తడబడకుండా పలికినవాడే. తర్వాత సినిమాల్లో గుర్రం మీంచి పడి చచ్చే వేషాలు చాలా వేశాడు. ఆ తర్వాత టీవీ పిలిచింది. టీవీలో మాటలు బట్టీ పట్టే తీరిక ఎవడికుంది? పొద్దున్న రాసింది మధ్యాహ్నానికి తీసెయ్యాలి. అందుకని నటుల చెవుల్లో చిక్కుడుగింజంత రేడియో పెడతారు. గాజుగదిలో కూర్చున్న మనిషి డైలాగు చదువుతుంది, నటుడు వింటూనే అనేస్తాడు. ఆ గాజుగదిలో మనిషి కూకా.

ఆమె గొంతు అందరి చెవుల్లోనూ ఒకేసారి పడుతుంది కాబట్టి ముందు పేరు పిలిచేది, తర్వాత మాట చెప్పేది. "లియాంద్రో. కిటికీ దగ్గరికి నడు." "లియాంద్రో. నువ్వు లేకుండా నేను బతకలేను, మార్సేలా." "లియాంద్రో. కళ్ళు తుడుచుకో." అన్నీ కూరగాయల ధరలు చదివినట్టే చదివేది. ఉప్పూకారం వెయ్యడం అతని పని. ఏళ్ళ తరబడి ఆమె తన చెవిలో పలికిన ప్రేమనంతా అతను పట్టుకెళ్ళి ఇంకొకరికి అప్పజెప్పాడు. దానికే అతనికి జీతం, దానికే పేరు.

ఒక సీరియల్ ఆఖరి వారంలో కిటికీ దగ్గర అతను మౌనంగా నిలబడే ఘట్టం వచ్చింది. వెనక కథానాయిక ఉంది. చెవిలో కూకా గొంతు, అదే కూరగాయల ధరల గొంతు వినిపించింది.

"లియాంద్రో. నేను వెళ్ళిపోతున్నాను. శనివారం మెరిదా బస్సు. నువ్వు వెళ్ళకు అంటే ఆగిపోతాను."

అతను గిర్రున తిరిగాడు. కథానాయిక భుజాలు పట్టుకున్నాడు. "నేను వెళ్ళిపోతున్నాను," అన్నాడు వణికే గొంతుతో. "శనివారం మెరిదా బస్సు. నువ్వు వెళ్ళకు అంటే ఆగిపోతాను."

ఆ అమ్మాయికి నిజంగానే ఏడుపొచ్చింది. దర్శకుడు ఎగిరి గంతేశాడు. సీరియల్లో అతనిది భూస్వామి వేషం, అన్ని గుర్రాలున్నవాడు బస్సెందుకు ఎక్కుతాడని ఒక్కడూ అడగలేదు. సీరియళ్ళలో అంతకంటే వింతలు జరుగుతాయి. లియాంద్రో మొహం కడుక్కుని భోజనానికి పోయాడు. ఎంత మొద్దు మనిషి! అనకుండా ఎలా ఉండను? మాట చెవిలో దూరి నోట్లోంచి బయటికి పోయింది, మధ్యలో గుండె గుమ్మం తొక్కలేదు. రెండు వారాల తర్వాత ఇంట్లో కాళ్ళు చాపుకుని టీవీలో తన్ను తాను చూసుకుంటుంటే అప్పుడు వినిపించింది. అప్పటికే గాజుగదిలో వేరే ఎవరో కూర్చున్నారు. ఆ ఏడాదే మెరిదాలో కూకాకి పెళ్ళయిందని తెలిసింది.

టీవీవాళ్ళు అతన్ని పిలవడం మానేశాక, ఒకప్పటి మోటారు షెడ్డులో నాటకాలాడే హిమేనా అనే అమ్మాయి పిలిచింది. దర్శకత్వం తనదే, కూతురి వేషం తనదే. ముసలి తండ్రి వేషం అతనికిచ్చింది. అతనికి మాటలు నిలవడం లేదు. పొద్దున్న పట్టింది సాయంత్రానికి జారిపోయేది.

"మాస్టారూ, చెవిలో చిన్నది పెట్టేసుకోండి. ఎవరికి తెలుస్తుంది?" అంది ఆ అమ్మాయి.

"వద్దమ్మా. ఆ చెవిలో చోటు లేదు," అన్నాడు.

తమాలెల బండి దగ్గర కూకాని చూసిన రోజునుంచి గడ్డం గీసుకుంటూ అద్దం ముందు ఒక్క మాటే సాధన చేశాడు. వెళ్ళకు. శనివారంలోగా ఎలాగైనా అనాలి. ఇంకోసారి ఆమె బస్సెక్కితే ఇక చూడడం ఉండదని ఈ వయసులో ఎవరూ చెప్పక్కర్లేదు.

శుక్రవారం సాయంత్రం తెర వెనక హిమేనా అతని వీపు తట్టి, "బోలెడంత పేడ, మాస్టారూ!" అంది. స్టేజీ వాళ్ళ దీవెన అది. దానికి థాంక్స్ చెప్తే కలిసిరాదు. అతను తలూపి వెలుతురులోకి నడిచాడు. రెండో వరసలో కూకా కూర్చుని ఉంది.

ఆఖరి ఘట్టం దాకా ఎలాగో నెట్టుకొచ్చాడు. రైలు ప్లాట్‌ఫారం. కూతురు పెట్టె ఎత్తుకుంది. "నాన్నా, వెళ్ళనా?" అంది. అతను "వెళ్ళు తల్లీ, నా గురించి ఆలోచించకు" అనాలి.

మాట లేదు. అద్దం ముందు అరగదీసిన ఆ ఇంకో మాటే గొంతుకి అడ్డం పడింది. ఎవరో దగ్గారు. హిమేనా పెట్టె చెయ్యి మార్చుకుంది. "నాన్నా, వెళ్ళనా?" అని మళ్ళీ అడిగింది.

"లియాంద్రో."

రెండో వరసలోంచి వచ్చింది గుసగుస. అలవాటు కొద్దీ అనేసి కూకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను ఆగాడు. పేరు తర్వాత మాట రావాలి, ఎప్పుడూ వచ్చేది. ఈ నాటకం కాగితాలు కూకా దగ్గర లేవు. పేరు పిలిచి మాట అతనికే వదిలెయ్యడం ఇదే మొదలు.

"వెళ్ళకు," అన్నాడు లియాంద్రో. చూపు హిమేనా భుజం మీదుగా చీకట్లోకి పోయింది. "శనివారం బస్సెక్కకు. ఆ రోజు నన్నడిగావు. నేను నోటితో అన్నానే గాని వినలేదు. వినడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత ఇన్నేళ్ళూ అదే వింటున్నాను."

ఈ నాటకంలో బస్సు లేదు. హిమేనా పెట్టె పట్టుకుని గుడ్లప్పగించింది. జనంలో ఎవరో ముక్కు చీదుకున్నారు. కూకా చెయ్యి నోటి మీంచి మెల్లగా ఒళ్ళోకి దిగింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"లియాంద్రో," అంది మళ్ళీ, అతనొక్కడికే వినబడేలా, ఆ పాత కూరగాయల ధరల గొంతుతో. "వెళ్ళిరా తల్లీ. నేను బాగానే ఉంటాను."

స్టేషన్లో తండ్రులు ఏమంటారో అన్ని సీరియళ్ళు చదివిన మనిషికి ఎవరైనా చెప్పాలా?

మాట ఎప్పట్లా అతని నోటి దాకా వచ్చింది. ఈసారి దాన్ని అక్కడే ఆపి విన్నాడు. తన 'వెళ్ళకు'కి ఆమె జవాబు ఇదేనని అర్థమైంది. అయినా ఆమె అందించిన మాట పలక్కుండా ఉండడం అతనికి చేతకాదు.

"వెళ్ళిరా తల్లీ," అన్నాడు. "నేను బాగానే ఉంటాను."

దీపాలు వెలిగేసరికి రెండో వరసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

హిమేనా తెర వెనక అతని రెండు చేతులూ పట్టుకుంది. "మాస్టారూ, కాగితంలో 'వెళ్ళు' అని ఉంది. మీరు 'వెళ్ళిరా' అన్నారు. అదే బాగుంది, ఉంచేద్దాం. ఆ బస్సు మాత్రం వద్దు, మీకు దణ్ణం పెడతా."

నాటకం ఇంకా ఆడుతోంది. ఇప్పుడు లియాంద్రోకి మాటలన్నీ నోటికొచ్చు, ఎక్కడా తడబడడు. కాని ప్రతి ఆటలోనూ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. ప్లాట్‌ఫారం మీద తల కొద్దిగా రెండో వరస వైపు వంచి నిలబడతాడు.

"అంతసేపు ఆగితే మర్చిపోయారనుకుంటారు మాస్టారూ," అని హిమేనా గునుస్తుంది.

"అనుకోనీ అమ్మా," అంటాడు.

మర్చిపోయి కాదు అతను ఆగేది. ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారేమోనని.