మొదటి కాన్పు అని రాయించారు

మా అత్తగారు నోరు తెరిస్తే ఎదుటివాళ్లు మూసుకోవలసిందే. ఆసుపత్రిలో చేరిన రోజు, కాగితంలో ‘ఎన్నో కాన్పు’ అన్నచోట ఆవిడే ‘మొదటిది’ అని రాయించారు. పోయినవాళ్ల ఊసు కడుపుతో ఉన్న మనిషి దగ్గర ఎత్తకూడదని ఆవిడ పట్టుదల. నేనూ తలూపాను. నాకూ భయమే మరి.

రెండేళ్ల కిందట నాకు కూతురు పుట్టింది. నాలుగు రోజులుంది. ఇంట్లో దాని మాట ఎవరూ అనరు. నాకేమో రోజూ దాన్ని ఎత్తుకోవాలని ఉంటుంది. గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే ధ్యాస.

ఇప్పుడు కొడుకు. మూడో రోజు పొద్దున పాలు మానేశాడు. మధ్యాహ్నానికి ఎంత కదిపినా కళ్లు తెరవలేదు. పిల్లల డాక్టరమ్మ వాణ్ణి అద్దాల గదిలోకి తీసుకెళ్లి, కాసేపటికి ఒక కాగితంతో వచ్చింది.

“మెదడుకి ఇన్ఫెక్షన్ సోకిందేమో చూడాలమ్మా. నడుం దగ్గర సూదితో వెన్నులోంచి కాస్త నీరు తీస్తాం. సంతకం పెట్టండి.”

“పెట్టవే, ఇంకా ఆలోచనెందుకు?” అన్నారు అత్తగారు.

పెన్ను పట్టుకున్నాను. మళ్లీ కింద పెట్టేశాను. ఇలాంటి కాగితం మీద ఒకసారి సంతకం పెట్టినదాన్నే.

“డాక్టరుగారూ, వీడు నాకు రెండో బిడ్డ.”

అత్తగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “ఏమిటా మాటలు!”

“వదలండి అత్తయ్యా. నా కూతురూ ఇలాగే మూడో రోజు మత్తులోకి జారిపోయిందండీ. ఇలాగే నీరు తీశారు. మర్నాటికి లేదు.”

డాక్టరమ్మ కాగితం వెనక్కి లాక్కుంది. “ఈ మాట ముందే చెప్పొద్దా! పాలల్లో ఉన్నది ఒంటికి పట్టక విషంగా మారే జబ్బు కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. దానికి మెదడు వాస్తుంది. ఆ వాపు మీద నీరు తీస్తే ప్రాణానికే ముప్పు. ఇన్ఫెక్షన్ మందు ఎలాగూ ఇస్తాను, సూది మాత్రం ఆపుదాం. ముందు రక్తంలో ఆ విషం, అమ్మోనియా అంటారు, ఎంతుందో చూడాలి.”

గంటలో తేలింది. ఉండాల్సిన దానికి పదింతలుంది. పాలు ఆపేసి, రక్తం శుభ్రం చేసే మిషను పెట్టారు. “గండం గడిచిందని ఇప్పుడే చెప్పలేను. సూది దింపి ఉంటే మాత్రం దక్కేవాడు కాదేమో,” అంది డాక్టరమ్మ.

రెండు రోజులు అద్దం ఇవతలే కూర్చున్నాం. వాడికి పనికిరాని పాలతో నా బట్టలు తడిసిపోయేవి. మూడో రోజు మధ్యాహ్నం వాడు కెవ్వుమని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

అత్తగారు గోడవైపు తిరిగిపోయారు. అటు తిరిగే, “దాని కళ్లు అచ్చం మీ మావయ్యవే,” అన్నారు.

రెండేళ్లలో నా కూతురి గురించి ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి మాట అది. నేను ఆవిడకి దగ్గరగా జరిగాను.

“ఇంకా చెప్పండి అత్తయ్యా,” అన్నాను.