పై పండు

మా నాయనకు మతి తప్పుతోందని మా అన్న నాగరాజ్ ఫోన్లో అన్న రోజు నుంచి నేను అన్నతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కాదనను. కానీ ఆ మాట వింటే ఎవరికి ఒళ్ళు మండదు? చింతామణి టొమేటో మండీలో మా నాయన మునికృష్ణప్ప అంటే తెలియని రైతు లేడు. మండీ మానేశాక కూడా, బాగేపల్లిలో గానీ చిక్కబళ్ళాపురంలో గానీ చదరంగం పోటీ పెడితే ముందు ఆయనకే కబురు వచ్చేది.

అన్నకు చిక్కబళ్ళాపురంలో ఎరువుల అంగడి. ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక ఫిర్యాదు. నాయన తనను "బయ్యప్పా" అని పిలిచాడట. బయ్యప్ప మా చిన్నాయన, ఎప్పుడో పోయాడు. ఇంకోసారి బస్టాండు నుంచి ఇంటికి దారి తెలియక అరటిపండ్ల బండి దగ్గర నిలబడిపోయాడట.

"వయసు మీదపడినోళ్ళు ఒక పేరు మర్చిపోతే రోగమా? నువ్వు నీ పెండ్లి రోజే మర్చిపోతావు, నిన్నెవరు ఆసుపత్రికి తీసకపోవల్ల?" అన్నాను.

నా దగ్గర రుజువు ఉంది. ఆ రుజువు నా కూతురు భాను. చదివేది ఐదో తరగతి. జిల్లాలో పెద్దవాళ్ళను కూడా కూర్చోబెట్టి ఓడిస్తుంది. మైసూరులో కాలేజీ కుర్రవాడొకడు దాని చేతిలో ఓడి, కళ్ళు తుడుచుకుంటూ బయటికి పోవడం నేను చూశాను. అటువంటి పిల్లను మా నాయన రోజూ సాయంత్రం, మా ఇంటి వరండాలో, మా అమ్మ అన్నం పెట్టే ముందు ఓడిస్తున్నాడు. ఒక్క రోజు తప్పడం లేదు. మతి పోయిన మనిషి చేసే పనా అది? ఇదే మాట అన్న ముఖాన కొట్టాను.

అన్న, "సరే. చిక్కబళ్ళాపురంలో పోటీ ఉండాది. భానుతో పాటు నాయన పేరు కూడా ఇస్తా. అందరి ముందర ఆడనీ. బాగా ఆడితే నేను ఇంక ఆ మాట ఎత్తను. ఆడకపోతే బెంగుళూరు ఆసుపత్రికి నేను తీసకపోతా, నువ్వు అడ్డం రావద్దు," అన్నాడు.

"రాసుకో," అన్నాను.

పోటీ ఒక కల్యాణ మంటపంలో. నాయనకు తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా నేనే తొడిగాను. పోటీ నడిపించే సునీల్‌కుమార్ చిన్నప్పుడు బాగేపల్లిలో నాయన చేతిలో ఓడినవాడే. ఎదురొచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. నాయన నవ్వి భుజం తట్టాడు. పేరు పెట్టి పిలవలేదు. అన్న నా వైపు చూశాడు, నేను చూడనట్టు నటించాను.

మొదటి రౌండులో ఎవరికి ఎవరని చదివారు. ఒకటో బల్ల, తెల్ల పావులు, భాను. ఎదురుగా మునికృష్ణప్ప.

సునీల్‌కుమార్ నొచ్చుకుంటూ వచ్చాడు. "ఇంటోళ్ళిద్దరికీ పడింది గదమ్మా, మార్చేదా?"

"ఎందుకప్పా మార్చేది? ఉండనీ," అన్నాను. నాకైతే దేవుడే నా పక్షాన నిలిచాడనిపించింది. నేను చెప్పిందాన్ని మా అన్న కళ్ళారా చూస్తాడు గదా.

"అవ్వ చెప్పిందనో, తాత గదా అనో ఆ పిల్ల వదిలేస్తాదేమో," అని గొణిగాడు అన్న.

ఇంకేముంది, నాకు రోషం వచ్చింది. భానును పక్కకు పిలిచి, "తాత అని చూడొద్దు. ఏమీ దాచుకోవద్దు. గట్టిగా ఆడు," అన్నాను.

భాను నా చెయ్యి పట్టుకుంది. "నిజంగా ఆడేదా అమ్మా?"

"నిజంగానే."

"నిజంగా నిజంగా?"

"ఏమే, ఎన్నిసార్లు చెప్పల్ల? పో, కూచో."

ఆ పిల్ల అడిగిందాంట్లో ఏముందో నాకు అప్పుడు తట్టలేదు.

నేనూ అన్నా బల్లల చుట్టూ కట్టిన తాడు ఇవతల నిలబడ్డాం. ఆట మొదలైంది. భాను బంటు జరిపింది, నాయన బంటు జరిపాడు. గుర్రం, ఒంటె బయటికి వచ్చాయి. నాయన తన నల్ల ఒంటెను దూరంగా తోసి భాను గుర్రాన్ని కట్టేశాడు. ఆ గుర్రం కదిలితే వెనక రాణి పోతుంది. "చూసినావా, ఎట్ల కట్టినాడో," అన్నాను అన్నతో. తర్వాత నాయన మూలన ఒక బంటును ఊరికే జరిపాడు.

బల్ల మీద ఇప్పుడు ఏముందో నాకు తెలుసు. అన్నకూ తెలుసు. చదరంగంలో మా నాయన మాకు మొట్టమొదట నేర్పింది ఇదే. దానికి ఆయన పెట్టిన పేరు 'పై పండు'. మండీలో కొందరు బాక్సు అడుగున మెత్తబడిన పండ్లు పోసి, పైన మాత్రం ఎర్రగా, గట్టిగా ఉన్నవి పేరుస్తారు. కొనేవాడు పై పండు చూసి వేలంపాట పెంచితే మునిగిపోయినట్టే. "అడుగుదాకా చెయ్యి పెట్టకుండా పై పండు తియ్యొద్దు," అంటూ మా ఇద్దరికీ, ఆ తర్వాత భానుకూ ఈ ఎత్తు చూపించాడు. కట్టేసిన గుర్రాన్ని లేపి రాణిని వదిలెయ్యడమే ఆ ఎత్తు. రాణిని తీసుకున్నవాడి రాజు అక్కడికక్కడే చస్తాడు.

భాను గుర్రం మీద చెయ్యి పెట్టబోయి ఆగింది. తలెత్తి నన్ను చూసింది. దాని కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. ఆడు, అని తల ఊపాను. నాయన రాణిని తీసుకోడు. తన ఎత్తు తానే గుర్తుపడతాడు, నవ్వుతాడు, పిల్ల చెవి పట్టి మెలిపెడతాడు. నేను ఇంకా అదే నమ్ముతున్నాను.

భాను గుర్రాన్ని లేపి నాయన బంటును కొట్టింది. రాణి ఒంటరిగా నిలబడింది.

నాయన క్షణం కూడా ఆలోచించలేదు. ఒంటెతో రాణిని కొట్టి చేతిలోకి తీసుకున్నాడు.

భాను ఒంటెతో రాజుకు చెక్ చెప్పింది. రాజుకు పోవడానికి ఒకే గడి. నాయన అక్కడికి జరిపాడు. భాను రెండో గుర్రాన్ని తెచ్చి నడిమధ్యలో పెట్టింది. అంతే, ఆట అయిపోయింది. పక్క బల్లల మీద ఇంకా సగం పావులు కదలనే లేదు. వెనక ఎవరో "అబ్బా, ఏం పిల్ల," అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. భాను ముఖాన్ని రెండు చేతుల్లో దాచుకుంది.

నాయన మాత్రం నవ్వుతూ మా వైపు తిరిగి, గుప్పిట తెరిచి తెల్ల రాణిని చూపించాడు. "చూసినావా బయ్యప్పా? రాణినే కొట్టినా."

అన్నకు నా మీద గెలిచానన్న సంతోషం లేదు. మంటపం వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పోయి, కుళాయి తిప్పి, ముఖం కడుక్కుంటూ ఏడ్చాడు. భాను వచ్చి నా చీర పట్టుకుని నిలబడింది.

"రోజూ నేనే కావాలని ఓడిపోతాండా అమ్మా," అంది. "గెలిస్తేనే తాత అన్నం తింటాడంట. ఓడితే పళ్ళెం తోసేస్తాడంట. అవ్వ చెప్పింది. ఒగోసారి తాతకు గుర్రం ఎట్ల పోతాదో కూడా తెలీదు. నేను చూడనట్ల ఉంటా."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అందరికీ తాత గెలుస్తాండాడని చెప్తాంటివి గదా."

మిగతా రౌండ్లు ఆడనంది. నేనూ బలవంతం చెయ్యలేదు. అన్న బస్టాండు దాకా వచ్చాడు. "సోమవారం బెంగుళూరుకు పోదాం," అన్నాడు మెల్లగా.

"మందు ఉండాదా?"

"లేదంట. ఎంతవరకు పోయిందో చూస్తారంట. అంతే."

బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. టికెట్టు అడిగిన కండక్టరుకు జేబులోంచి తెల్ల రాణిని తీసి చూపించాడు. దాన్ని మంటపంలో తిరిగి ఇవ్వాలని మాలో ఎవ్వరికీ తోచలేదు. శిడ్లఘట్ట దాటేదాకా నేను మా అమ్మను మనసులో తిడుతూనే ఉన్నాను. ఇంత తెలిసీ కడుపులో పెట్టుకుంది. చిన్నపిల్లతో అబద్ధం ఆడించింది. నన్ను ఊరందరి ముందు పిచ్చిదాన్ని చేసింది. ఇంట్లో అడుగు పెట్టగానే కడిగెయ్యాలి అనుకున్నాను.

మా అమ్మ పుట్టమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను కాదు, భాను ముఖం చూసింది. ఒక్క చూపుతో ఆమెకు అంతా తెలిసిపోయింది. ఆమె కళ్ళ కింద ఉబ్బు, చేతి మీద ఆట లేని పూట పళ్ళెం తగిలిన కొత్త గాటు, అన్నీ నాకు అప్పుడే కనిపించాయి. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి నేను దేన్ని చూస్తున్నట్టు?

నాయన రాణిని ఆమె చేతిలో పెట్టాడు. "గెలిచినా," అన్నాడు.

అమ్మ మా వైపు చూసింది. "అవునా పాపా? తాత గెలిచినాడా?"

"అవునవ్వా. తాతే గెలిచినాడు," అంది భాను.

అమ్మ నన్ను చూసింది. నేను చెప్పాల్సిన మాట కోసమే ఆగింది.

"గెలిచినాడు," అన్నాను.

నాయన కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. రాగి ముద్ద, అనపగింజల పులుసు. కడుపారా తిన్నాడు. ఇంకో ముద్ద అడిగి వేయించుకున్నాడు. "ఈ పాప బాగానే ఆడతాది. రేపు మళ్ళా కూచుందాం," అన్నాడు మధ్యలో.

వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే భాను వచ్చి నా పక్కన నిలబడింది.

"అమ్మా, రేపు నిజంగా ఆడేదా?"

"వద్దు," అన్నాను.