అన్న పోయాక పుట్టిన మాట

సైగాన్‌లోని ఓ అచ్చాఫీసులో నేను సీసపు అక్షరాలు పేర్చేదాన్ని. యాభై ఆరులో, మా కొత్త సంవత్సరం టెట్ పండుగ వెళ్ళిన వారానికి నా బల్ల మీదికి ఒక వార్త వచ్చింది. అందులో 'వియత్‌మిన్' అని ఉన్నచోటల్లా ఎర్రగీత కొట్టి, పైన 'వియత్‌కాంగ్' అని రాశారు. ఏదైనా అర్థం కాకపోతే నాకు అన్నం సయించదు. ప్రూఫులు చూసే ఖియెమ్ తాతని పట్టుకున్నాను. 'వియత్నాం కాంగ్‌సాన్', అంటే వియత్నాం కమ్యూనిస్టు, అన్నదాన్ని పొట్టి చేశారన్నాడు. ఎవరు చేశారో మాత్రం ఆయనకూ తెలియదు. మరి పాత పేరుకేం రోగమని అడిగితే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆ పేరు వింటే ఫ్రెంచివాణ్ణి తరిమిన సంగతి గుర్తొస్తుందే పిల్లా. తిట్టడానికి పనికిరాదు."

ఎనిమిది నెలలకి మా నామ్ అన్న తద్దినానికి బెన్‌త్రెలోని మా ఊరు వెళ్ళాను. అన్న వియత్‌మిన్‌లో చేరి, ఫ్రెంచివాళ్ళ తూటాకి పోయి ఆరేళ్ళయింది. అమ్మ అన్న పటం ముందు గిన్నె, తినే పుల్లలు పెట్టి, మట్టిదాకలో వండిన కొర్రమీను వడ్డించి అగరువత్తులు వెలిగించింది. అవి పూర్తిగా కాలిపోయేదాకా ఎవరూ ముద్ద ముట్టరు.

తద్దినం భోజనానికి పిలిచిన ఊరి పెద్ద బా మామ వచ్చాడు, చంకలో ఊళ్ళోవాళ్ళ పేర్ల పట్టీతో సహా. ఇంటింటా ఎవరు ఏ పక్షమో రాయమని సైగాన్ సర్కారు ఆర్డరట. అన్న పేరు పక్కన కొత్త మాట రాస్తే, అమ్మ ఊరందరి ముందు నిలబడి కొడుకుని తిట్టిపోయాలి. ఆపైన తద్దినమూ పెట్టనివ్వరు.

వత్తులు ఇంకా సగమే కాలాయి. మామ పెన్ను తీసి, ఇలాంటివాళ్ళని ఏమనాలో పేపర్లోనే వేస్తున్నారుగా అన్నాడు.

"ఆ అక్షరాలు పేర్చింది నేనే మామా. ఆ మాట నా చేతికొచ్చి ఎనిమిది నెలలు. అన్న పోయి ఆరేళ్ళు."

మామ పటం వైపు చూస్తూ కూర్చున్నాడు. అన్న చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పడవలో చేపలు పట్టినవాళ్ళు. వత్తులు కొండెక్కాక అమ్మ అన్న గిన్నెలోని చేపముక్క తీసి ఆయనకే వేసింది.

"తినయ్యా. వాడు నీకు పెట్టకుండా ఎప్పుడు తిన్నాడు?"

ఆయన తలొంచుకుని తిన్నాడు. మూతి తుడుచుకుని, పట్టీలో అన్న పేరు పక్కన 'ఫ్రెంచివాళ్ళ తూటాకి మరణం' అని రాసుకున్నాడు. పక్షం అన్న గడి ఖాళీగా వదిలేశాడు. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

సోమవారం పనిలోకి వచ్చేసరికి బల్ల మీద కొత్త వార్త. ఏదో పల్లెలో పదకొండుమంది వియత్‌కాంగ్‌లు చచ్చారట. పేర్లు లేవు. ఉన్నాయేమోనని కాగితం తిరగేసి కూడా చూశాను. వీళ్ళకి ఏ అమ్మలు గిన్నెలు పెడతారో ఖియెమ్ తాతకి మాత్రం ఏం తెలుసు? ఫోర్‌మన్ కేకేశాడు. అక్షరాలు పేర్చాను.